నోటి హెర్పిస్ ఒకరికి, జాగ్రత్తలు ఇద్దరివి

ఏడాదికి ఒకటి రెండు సార్లు, దాదాపు ప్రతిసారీ అదే చోట, పెదవి అంచున చిన్న చిన్న నీటిపొక్కులు గుంపుగా లేస్తాయి. రెండు మూడు రోజుల్లో పగిలి, రసి కారి, చెక్కు కట్టి, వారం పది రోజుల్లో మచ్చ కూడా మిగలకుండా మానిపోతాయి. ఇంట్లో పెద్దవాళ్ళు "వేడి చేసింది" అనో, "నిద్రలో ఏదో పాకింది" అనో తేల్చేస్తారు. అంతవరకూ ఎవరికీ టెన్షన్ ఉండదు. ఎప్పుడో ఒకసారి చర్మ డాక్టరు చూసి "ఇది హెర్పిస్" అన్నాక మొదలవుతుంది అసలు గొడవ. ఇంటికొచ్చి ఫోన్‌లో వెతికితే సుఖవ్యాధుల బొమ్మలు కనిపిస్తాయి. ఆ రాత్రి నుంచి ఒకరి గ్లాసు ఒకరు ముట్టరు, ఒకరి మొహం ఒకరు చూడరు.

అంత అవసరం లేదు. పెదవి మీద పొక్కులు తెచ్చేది హెర్పిస్ సింప్లెక్స్ వైరస్‌లో మొదటి రకం, హెచ్‌ఎస్‌వి-1. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సంవత్సరానికి వేసిన అంచనా ప్రకారం 50 ఏళ్ళలోపు వాళ్ళలో 380 కోట్ల మందికి, అంటే నూటికి 64 మందికి ఇది ఉంది. వాళ్ళలో చాలామందికి ఒక్క పొక్కు కూడా లేవదు, తమకు ఉందన్న సంగతే తెలియదు. ఒకసారి ఒంట్లో చేరితే పోదు. పూర్తిగా పోగొట్టే మందు లేదు, టీకా కూడా ఇంకా లేదు. అయినా దీనితో కాపురం చేయడం కష్టమేమీ కాదు. మా ఇంట్లో పొక్కులు వచ్చేది నాకు. కింద రాసిన వాటిలో చాలావరకు మేమిద్దరం పాటించేవే. మందుల సంగతి మాత్రం మీ డాక్టరుతో మాట్లాడాకే.

ముందు అది హెర్పిసేనా, తేల్చుకోండి

నోటి చుట్టూ వచ్చే ప్రతి పుండూ హెర్పిస్ కాదు. బుగ్గ లోపల, నాలుక కింద, తెల్లటి మధ్యభాగం, చుట్టూ ఎర్రటి గీతతో వచ్చేది నోటిపూత. అది ఎవరికీ అంటదు, ముద్దు పెట్టుకున్నా అంటదు. పెదాల మూలలు రెండు వైపులా చీలి, నోరు తెరిస్తే మండుతుంటే అది ఎక్కువగా ఫంగస్ వల్లో, ఐరన్, బి విటమిన్ల లోపం వల్లో వస్తుంది. ఒంటికి ఒక పక్క మాత్రమే పట్టీలా పొక్కులు లేచే సర్పి వేరు, అది ఆటలమ్మ వైరస్ మళ్ళీ లేవడం.

హెర్పిస్ పొక్కు గుర్తులు నాలుగు. పెదవి ఎరుపు, చర్మం కలిసే గీత మీద గానీ, దాని పక్కన గానీ వస్తుంది. రాకముందు అక్కడ చిమచిమలాడుతుంది. ఒకటిగా కాక గుంపుగా లేస్తుంది. మళ్ళీ మళ్ళీ అదే చోటికి వస్తుంది. ఈ నాలుగూ ఉంటే చర్మ డాక్టరు చూడగానే చెప్పేస్తారు, పరీక్ష అక్కర్లేదు. అనుమానం ఉంటే పొక్కు తాజాగా ఉన్నప్పుడే, చెక్కు కట్టకముందే, దూదిపుల్లతో నీరు తీసి పీసీఆర్ పరీక్ష చేయిస్తారు.

మొదటిసారి సోకినప్పుడు మాత్రం తీరు వేరుగా ఉండొచ్చు. వైరస్ చేరిన 2 నుంచి 12 రోజుల్లో జ్వరం, చిగుళ్ళు వాచి రక్తం రావడం, నోరంతా పుళ్ళు, మెడ కింద గడ్డలు, మింగలేకపోవడం. ఇది ఎక్కువగా చిన్నపిల్లల్లో చూస్తాం, అప్పుడప్పుడు పెద్దవాళ్ళకూ వస్తుంది. తగ్గడానికి రెండు వారాలు పడుతుంది. తర్వాత వచ్చేవన్నీ అంతకంటే చిన్నవే.

"ఎవరి నుంచి వచ్చింది?" అనే విచారణ ఆపండి

ఈ భాగం కాస్త ఎక్కువే రాస్తాను. జంటలకు నష్టం పొక్కుల వల్ల కంటే అనుమానాల వల్ల ఎక్కువ జరుగుతుంది.

ఈ వైరస్ చాలామందికి చిన్నతనంలోనే అంటుతుంది. మేనత్తో, అమ్మమ్మో, ఇంటికొచ్చిన చుట్టాలో బుగ్గ మీదా పెదవి మీదా పెట్టిన ముద్దు చాలు. అక్కణ్ణుంచి నరం వెంబడి పాకి, చెవికి దగ్గరగా పుర్రె లోపల ఉండే ట్రైజెమినల్ అనే నాడి ముడిలో దాక్కుంటుంది. అక్కడ ఏళ్ళ తరబడి నిద్రపోతుంది. ఇరవై ఏళ్ళు ఊరుకుని, పెళ్ళయిన మూడో ఏట మొదటిసారి పొక్కు లేపడం వింతేమీ కాదు. కాబట్టి "పెళ్ళికి ముందు లేదు, ఇప్పుడెలా వచ్చింది?" అనే ప్రశ్నకు విలువ లేదు. పొక్కు ఎప్పుడు కనిపించిందనే దాన్ని బట్టి వైరస్ ఎప్పుడు చేరిందో చెప్పలేం.

"రక్తపరీక్ష చేయిస్తే తెలిసిపోతుందిగా" అంటారు కొందరు. తెలియదు. ఐజీజీ అనే యాంటీబాడీ పరీక్ష మొదటి రకానికి పాజిటివ్ వస్తే, జీవితంలో ఎప్పుడో సోకిందని మాత్రమే అర్థం. ఎప్పుడు, ఎవరి నుంచి, ఒంట్లో ఏ చోట అన్నవి ఆ కాగితంలో ఉండవు. ఐజీఎం అనే ఇంకో యాంటీబాడీ పరీక్ష ఇంకా దండగ. పాత వైరస్ లేచినా పాజిటివ్ రావచ్చు, ఊరికే తప్పుగా కూడా రావచ్చు. లక్షణాలు లేనివాళ్ళకు హెర్పిస్ రక్తపరీక్షలు చేయించొద్దని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ కూడా చెబుతుంది. మన దగ్గర ల్యాబు ప్యాకేజీల్లో కలిపి అమ్మేస్తుంటారు. ఆ రిపోర్టు పట్టుకుని ఇళ్ళల్లో పంచాయితీలు పెడతారు. ముఖ్యంగా కోడలి పెదవి మీద పొక్కు లేస్తే వచ్చే మాటలు, కొడుకు పెదవి మీద లేస్తే రావు. ఆ తేడా చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

పొక్కు ఎవరి నిజాయితీకీ సాక్ష్యం కాదు, ఎవరి మోసానికీ రుజువు కాదు. ఈ ఒక్క మాట ఇద్దరూ ఒప్పుకున్నాకే కింది పనులకు రండి.

పొక్కులు లేని రోజు చూసి మాట్లాడుకోండి

మాట్లాడుకోవడానికి మంచి సమయం పెదవి బాగున్నప్పుడే. పొక్కు ఉన్నప్పుడు ఒకరికి సిగ్గు, ఇంకొకరికి భయం. మంచం మీద, దగ్గరికి జరిగిన క్షణంలో అసలే వద్దు. సాయంత్రం టీ తాగుతూనో, నడకకు వెళ్ళినప్పుడో తెస్తే తేలిగ్గా అయిపోతుంది.

ఏమని చెప్పాలో తోచకపోతే ఇలా మొదలుపెట్టండి: "నాకు పెదవి మీద అప్పుడప్పుడు పొక్కులు వస్తుంటాయి, చూశావుగా. అది హెర్పిస్ అనే వైరస్. సగానికి పైగా జనానికి ఉంటుందట. పొక్కు ఉన్నప్పుడు ముద్దుతో అంటుతుంది. ఆ వారం పది రోజులు మనం కొంచెం దూరం పాటిద్దాం. నాకు మొదలవగానే నీకు చెప్తా." అంతే. వైద్య పాఠం చెప్పక్కర్లేదు, క్షమాపణలు అసలే అక్కర్లేదు.

వినేవాళ్ళు అడగాల్సిందీ ఒకటుంది: "నాకూ ఎప్పుడైనా వచ్చిందేమో?" చాలామందికి చిన్నప్పుడు జ్వరం తర్వాత పెదవి పేలిన జ్ఞాపకం ఉంటుంది. ఇద్దరికీ వచ్చే అలవాటు ఉంటే సగం బెంగ అక్కడే తీరిపోతుంది. ఒకే రకం వైరస్ ఇద్దరికీ నోటి దగ్గరే ఉన్నప్పుడు, ఒకరి పొక్కు నుంచి ఇంకొకరికి మళ్ళీ కొత్తగా అంటుకుని అటూ ఇటూ తిరుగుతూ ఉండటం మామూలుగా జరగదు. ఒంట్లో తయారైన రక్షణ చాలావరకు అడ్డుకుంటుంది. పొక్కు మీద పొక్కు రుద్దితే నొప్పి కాబట్టి ఆ రోజుల్లో ముద్దు మానేస్తే సరి.

పెళ్ళి కుదిరినవాళ్ళు అడుగుతుంటారు, ముందే చెప్పాలా అని. పెళ్ళిచూపుల్లో, బయోడేటాలో రాయాల్సినంత విషయం ఇది కాదని నా అభిప్రాయం. నూటికి అరవై మందికి ఉన్నదాన్ని జబ్బుల జాబితాలో ఎక్కించడం ఎందుకు? కానీ సంబంధం ఖాయమై ఇద్దరూ విడిగా మాట్లాడుకుంటున్నప్పుడు, మొదటి ముద్దుకు ముందే, ఒక మాట చెప్పేయండి. తర్వాత తెలిస్తే దాచారన్న బాధ మిగులుతుంది.

చిమచిమ మొదలైన మొదటి గంటల్లో

పని అంతా ఇక్కడే ఉంది. పొక్కు కనిపించడానికి కొన్ని గంటల ముందు, కొన్నిసార్లు ఒక రోజు ముందు, పెదవి సూచన ఇస్తుంది. నాకైతే కింది పెదవి ఎడమ పక్క, ఒక్క చుక్కంత చోట, దురదకీ మంటకీ మధ్య ఏదో మొదలవుతుంది. నాలుక అటే పోతుంది. అద్దంలో చూస్తే ఏమీ ఉండదు. వేలితో తాకితే మాత్రం చర్మం బిగుసుకుని కాస్త గట్టిగా తగులుతుంది. అప్పటికి ఉదయమైతే, సాయంత్రానికి అక్కడ నీళ్ళు నిండిన సగ్గుబియ్యం గింజల్లా నాలుగైదు కనిపిస్తాయి.

ఆ చిమచిమ తెలిసిన క్షణం నుంచే అంటుతుందని లెక్క. పొక్కు లేచేదాకా ఆగకండి. వెంటనే చేయాల్సినవి ఇవి.

మొదట చెప్పండి. అత్తమామలు, పిల్లలు ఉన్న ఇంట్లో అందరి ముందూ చెప్పడం ఇబ్బంది. ఇద్దరికే తెలిసిన ఒక చిన్న మాట పెట్టుకోండి. మా ఇంట్లో "మొదలైంది" అంటే చాలు. ఆ మాట వినగానే ఎదుటివాళ్ళు మొహం ముడుచుకోకుండా "సరే" అనడం రూల్. ఒక్కసారి ముడుచుకున్నా, వచ్చేసారి చెప్పడానికి మనసు వెనకాడుతుంది. ఆ దాచిన రోజే వైరస్ అంటుకునే రోజు.

తర్వాత మందు. వైరస్ పెరిగేది మొదటి ఒకటి రెండు రోజుల్లోనే. అందుకే ట్యాబ్లెట్ ఎంత తొందరగా పడితే అంత పని చేస్తుంది. చెక్కు కట్టాక వేసుకుంటే పెద్దగా ప్రయోజనం ఉండదు. డాక్టర్లు ఎక్కువగా రాసే పద్ధతి వాలసైక్లోవిర్ 2 గ్రాములు ఒకసారి, 12 గంటల తర్వాత మళ్ళీ 2 గ్రాములు, ఒక్కరోజుతో కోర్సు అయిపోతుంది. కొందరు ఎసైక్లోవిర్ రోజుకు ఐదుసార్లు చొప్పున ఐదు రోజులు రాస్తారు. పుండు మానే సమయం వీటితో ఒక రోజు వరకు తగ్గుతుంది, అంతకు మించి ఆశించకండి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళకు మోతాదు మారుస్తారు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడగకుండా వేసుకోవద్దు. వేసుకున్న రోజు నీళ్ళు బాగా తాగండి. పొక్కు లేచాక డాక్టరు దగ్గరికి పరుగెత్తితే మంచి సమయం దాటిపోతుంది. కాబట్టి బాగున్నప్పుడే వెళ్ళి ముందుగా చీటీ రాయించుకుని, మందు కొని ఇంట్లో పెట్టుకోండి.

5 శాతం ఎసైక్లోవిర్ క్రీమ్ ట్యాబ్లెట్ కంటే తక్కువ పని చేస్తుంది. వాడితే రోజుకు ఐదుసార్లు, నాలుగైదు రోజులు రాయాలి. ట్యూబు మూతి పెదవికి తాకించకుండా ఇయర్ బడ్ మీద తీసుకుని అద్దండి, రుద్దకండి. ఆ బడ్ చెత్తబుట్టలో వేసి చేతులు సబ్బుతో కడుక్కోండి.

మెడికల్ షాపులో "పెదవి మీద పొక్కులు" అని అడిగితే చేతిలో పెట్టే క్రీములతో జాగ్రత్త. స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపిన ట్యూబులు మన దగ్గర ఇష్టం వచ్చినట్టు అమ్ముతారు. ఒకసారి నాకూ అలాంటిదే ఇచ్చారు. డబ్బా మీద చిన్న అక్షరాలు చదివితే బీటామెథసోన్ అని ఉంది. స్టెరాయిడ్ రాస్తే ఎరుపు తగ్గినట్టు అనిపిస్తుంది, లోపల వైరస్‌కు మాత్రం దారి ఇచ్చినట్టవుతుంది. బీటామెథసోన్, క్లోబెటసాల్, మోమెటసోన్ అని కనిపిస్తే డాక్టరు చెప్పకుండా పెదవికి రాయొద్దు. సున్నం, టూత్‌పేస్టు, సూదితో గుచ్చడం, ఇవి కూడా వద్దు. గుచ్చితే వచ్చే నీళ్ళలోనే వైరస్ నిండా ఉంటుంది.

పుండు ఉన్న రోజుల్లో ఇంట్లో ఎలా ఉండాలి

లెక్క ఇది: చిమచిమ మొదలైనప్పటి నుంచి, చెక్కు దానంతట అది రాలి కింద కొత్త చర్మం కనిపించేదాకా. మామూలుగా 7 నుంచి 10 రోజులు, ఒక్కోసారి రెండు వారాలు. చెక్కు కట్టింది కదా అని ముద్దులకు దిగకండి. నవ్వినప్పుడు, ఆవులించినప్పుడు చెక్కు చీలి తడి బయటికి వస్తుంది.

ఆ రోజుల్లో పెదవి ఎవరి చర్మానికీ తాకకూడదు. మాటకు బుగ్గ మీద ముద్దు పెట్టినా, పెదవి తగిలినట్టే. కౌగిలింతకు, ఒకే మంచం మీద పడుకోవడానికి, చేయి పట్టుకోవడానికి అడ్డేమీ లేదు. చాలా జంటలు భయంతో వేరే గదుల్లో పడుకుంటాయి. అది వైరస్‌ను ఆపదు, మనసును మాత్రం కష్టపెడుతుంది. ముద్దు లేనన్నాళ్ళు తల నిమరడం, కాళ్ళు పట్టడం లాంటివి కాస్త ఎక్కువ చేయండి. పొక్కు వచ్చినవాళ్ళకు "నన్ను వెలివేశారు" అనిపించకుండా ఉండటం అవతలివాళ్ళ చేతుల్లోనే ఉంది.

ఎంగిలి విషయంలో మన ఇళ్ళల్లో ఉన్న పట్టింపు ఇక్కడ కొంత పనికొస్తుంది. వైరస్ ముఖ్యంగా చర్మం చర్మానికి తగిలితేనే అంటుతుంది. వస్తువుల మీద ఎక్కువసేపు బతకదు. అయినా తడి ఆరని గ్లాసు, చెంచా, సగం తాగిన టీకప్పు, టూత్‌బ్రష్, రేజరు, లిప్‌స్టిక్, లిప్ బామ్, మొహం తుడుచుకున్న టవల్ ఆ వారం విడిగా పెట్టుకోండి. గిన్నెలు మామూలు సబ్బుతో తోమితే చాలు, వేడినీళ్ళలో మరిగించే పనిలేదు. సీసాలో నీళ్ళు ఎత్తి పోసుకుని తాగే అలవాటు ఉంటే అది మేలు. బాత్రూం కమోడు నుంచి, బట్టలు కలిపి ఉతకడం నుంచి అంటదు. అన్నం కలిపి ముద్దలు పెట్టడం కూడా, చేతులు కడుక్కుని ఉంటే, మానక్కర్లేదు.

చేతుల సంగతి మరిచిపోతాం. పుండును తడుముకోవడం మనకు తెలియకుండానే జరిగిపోతుంది. ఆ వేలితో కన్ను నలిపితే కంటికి పాకే ప్రమాదం ఉంది. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునేవాళ్ళు ఆ వారం కళ్ళద్దాలకు మారితే హాయి. ఉమ్మితో లెన్స్ తడపడం మాత్రం ఏ వారంలోనూ వద్దు. గోటి పక్క చర్మం కొరుక్కునే అలవాటు ఉన్నవాళ్ళకు వేలి కొసకు పాకి నొప్పి పెట్టే పొక్కులు లేస్తాయి. ఇది మొదటిసారి వైరస్ సోకినవాళ్ళలో ఎక్కువ. మగవాళ్ళు పుండు మీదుగా గడ్డం గీయకండి, గీస్తే చుట్టుపక్కలకు పాకుతుంది. పార్లర్‌లో పై పెదవి థ్రెడింగ్, పళ్ళ డాక్టరు దగ్గర అర్జెంటు కాని పని, రెండూ మానాక పెట్టుకోండి.

తిండిలో నిషేధాలేమీ లేవు. ఆవకాయ, నిమ్మకాయ, ఉప్పు పెదవికి తగిలితే ప్రాణం పోతుంది కాబట్టి పెరుగన్నం, ఇడ్లీ, చల్లటి మజ్జిగతో గడిపేయండి. నొప్పి ఎక్కువైతే పారాసెటమాల్, గుడ్డలో చుట్టిన ఐసు ముక్క. చెక్కు మీద కొద్దిగా వాజిలీన్ పూస్తే పగలదు. వేరుశెనగలు మానేయాలి, లైసిన్ మాత్రలు మింగాలి అని చెప్పేవాళ్ళున్నారు. వాటికి గట్టి ఆధారం లేదు. పల్లీ చట్నీ మానేయమని నేను చెప్పను.

పడగ్గది విషయాలు

ఇది మన డాక్టర్లు నోరు విప్పి చెప్పరు, మనం అడగం. నోటి దగ్గర ఉన్న హెచ్‌ఎస్‌వి-1 ఓరల్ సెక్స్ ద్వారా భాగస్వామి జననాంగాలకు అంటుతుంది. ఒకప్పుడు జననాంగాల హెర్పిస్ అంటే రెండో రకమే అనుకునేవాళ్ళు. ఇప్పుడు చాలా దేశాల్లో కొత్తగా వచ్చే వాటిలో మొదటి రకం వాటా పెద్దదే. అలా వచ్చినది రెండో రకం కంటే చాలా తక్కువసార్లు తిరగబెడుతుంది. ఆ మాట కాస్త ఊరట. కానీ మొదటిసారి వచ్చినప్పుడు బాగా బాధిస్తుంది.

కాబట్టి చిమచిమ నుంచి కొత్త చర్మం వచ్చేదాకా ఓరల్ సెక్స్ పూర్తిగా మానేయండి. మామూలు కలయికకు అభ్యంతరం లేదు, ముద్దులు లేకుండా ఉంటే చాలు. పుండు తాకిన ఉమ్మిని తడి కోసం వాడకండి.

పుండు లేని రోజుల్లో? నిజం చెప్పాలంటే, ఏమీ కనిపించని రోజుల్లో కూడా అప్పుడప్పుడు వైరస్ ఉమ్మిలోకి వస్తుంది. ఏ రోజు వస్తుందో తెలుసుకునే మార్గం లేదు. పుండు ఉన్నప్పటి కంటే ప్రమాదం చాలా తక్కువ, సున్నా మాత్రం కాదు. అందుకని ఏడాది పొడవునా ముద్దులు మానేయాలా? మానేయక్కర్లేదు. ఎక్కువ జంటలు పుండు ఉన్నప్పుడు ఆగి, మిగతా రోజుల్లో మామూలుగా ఉండటానికే ఇష్టపడతాయి. కొందరు ఓరల్ సెక్స్‌కు కండోమ్ వాడతారు. స్త్రీకి అయితే కండోమ్‌ను కొస కత్తిరించి, నిలువుగా చీల్చి పలుచటి పొరలా పరిచి వాడొచ్చు. ఎంత జాగ్రత్త అన్నది ఇద్దరూ కలిసి తేల్చుకోవాలి. వైరస్ అంటుకునే అవకాశం ఉన్నవాళ్ళ మాటకు కాస్త ఎక్కువ బరువు ఇవ్వడం న్యాయం.

ఏడాదిలో ఆరుసార్లకు మించి వస్తున్నా, భాగస్వామికి రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నా, డాక్టరును రోజువారీ మాత్ర గురించి అడగండి. ఎసైక్లోవిర్ 400 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు గానీ, వాలసైక్లోవిర్ 500 మిల్లీగ్రాములు ఒకసారి గానీ కొన్ని నెలలు ఇస్తారు. పొక్కులు రావడం బాగా తగ్గుతుంది. ఎదుటివాళ్ళకు అంటడం ఎంత తగ్గుతుందన్న లెక్క మాత్రం జననాంగాల రెండో రకం హెర్పిస్ ఉన్న జంటల మీద 2004లో వచ్చిన అధ్యయనానిది. రోజూ వాలసైక్లోవిర్‌తో అక్కడ దాదాపు సగానికి తగ్గింది. దాన్ని నోటి పొక్కులకు యథాతథంగా అన్వయించుకోకూడదు.

గర్భం, పసిబిడ్డ: ఇక్కడ మొహమాటం వద్దు

ఇప్పటిదాకా చెప్పిందంతా ఇబ్బందుల గురించి. ఇది మాత్రం ప్రాణాల సంగతి. పుట్టిన నాలుగు నుంచి ఆరు వారాల లోపు బిడ్డకు హెర్పిస్ సోకితే మెదడుకు, కాలేయానికి పాకి ప్రాణం మీదికి రావచ్చు. పెద్దవాళ్ళ పెదవి మీద చిన్న పొక్కు, పసిగుడ్డుకు పెద్ద ఆపద.

భార్య గర్భవతి, ఆమెకు ఎప్పుడూ పొక్కులు రాలేదు, భర్తకు వస్తాయి అనుకోండి. పొక్కు ఉన్నప్పుడు ముద్దు ఎలాగూ లేదు. చివరి మూడు నెలలు ఓరల్ సెక్స్ పూర్తిగా మానండి. అప్పుడు కొత్తగా జననాంగాలకు సోకితే కాన్పులో బిడ్డకు అంటుకునే ప్రమాదం బాగా ఎక్కువ. గైనకాలజిస్టుకు ఇద్దరిలో ఎవరికి హెర్పిస్ ఉన్నా ముందే చెప్పండి, సిగ్గుపడకండి. తల్లికి పాత నోటి హెర్పిస్ ఉంటే అంత కంగారు అక్కర్లేదు. ఆమె రక్తంలోని రక్షణ కొంత బిడ్డకూ చేరుతుంది.

మన దగ్గర మొదటి కాన్పు పుట్టింట్లో. భర్త ఎన్నో రోజుల తర్వాత బిడ్డను చూడటానికి ప్రయాణం చేసి వస్తాడు. నిద్ర లేని రాత్రి, ఎండలో బస్సు, ఆత్రం. సరిగ్గా పొక్కు లేవడానికి కావలసినవన్నీ అక్కడే ఉంటాయి. పెదవి చిమచిమలాడుతుంటే మాస్క్ పెట్టుకుని, చేతులు కడుక్కుని బిడ్డను ఎత్తుకోండి. ముద్దు మాత్రం వద్దు. అత్తగారు "ఎందుకల్లుడూ, బిడ్డను దూరం పెడుతున్నావు?" అంటే భార్యే జవాబు చెప్పాలి, "డాక్టరు చెప్పారమ్మా" అని. ఈ మాట ఇద్దరూ ఫోన్‌లోనే అనుకుని ఉంచుకోండి.

బారసాల చాలా ఇళ్ళల్లో పదకొండో రోజునో, ఇరవై ఒకటో రోజునో చేస్తారు. ప్రమాదం ఎక్కువగా ఉన్న వారాలు కూడా అవే. వచ్చిన వాళ్ళంతా బిడ్డను చేతులు మార్చుకుంటూ ముద్దులాడతారు. తొట్టి దగ్గర ఒకళ్ళను కూర్చోబెట్టి, "బుగ్గ మీద వద్దు, పాదాలకు దణ్ణం పెట్టుకోండి" అని నవ్వుతూ చెప్పించండి. పిన్నికి కోపం వస్తే రానివ్వండి.

తల్లికే పొక్కు లేస్తే? పాలు మానక్కర్లేదు. మాస్క్, చేతుల శుభ్రత, ముద్దు లేకపోవడం, అంతే. రొమ్ము మీద పొక్కు ఉంటే ఆ వైపు మానేదాకా ఇవ్వకుండా వెంటనే డాక్టరును కలవండి. నెలలోపు బిడ్డకు జ్వరం వచ్చినా, ఒళ్ళు చల్లబడినా, పాలు తాగకుండా మగతగా ఉన్నా, ఒంటి మీద నీటిపొక్కు ఒక్కటి కనిపించినా, రేపు చూద్దాం అనుకోకుండా పిల్లల ఆసుపత్రికి వెళ్ళండి. ఇంట్లో పెదవి పొక్కులు ఎవరికున్నాయో కూడా డాక్టరుకు చెప్పండి. సెలైన్‌లో ఎసైక్లోవిర్ ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. పెద్దపిల్లల్లో ఎగ్జిమా (చర్మం పొడిబారి దురద పెట్టే జబ్బు) ఉన్నవాళ్ళ దగ్గర కూడా ఇంతే జాగ్రత్త కావాలి, వాళ్ళ చర్మం మీద ఇది ఒక్కసారిగా వ్యాపిస్తుంది.

ఏది లేపుతోందో కనిపెట్టండి

"వేడి చేసింది" అనే మాటను కొట్టిపారేయలేం. జ్వరం, గట్టి ఎండ, నిద్రలేమి, తీవ్రమైన ఒత్తిడి, నెలసరి ముందు రోజులు, పెదవికి దెబ్బ తగలడం, ఇవన్నీ నిద్రపోతున్న వైరస్‌ను లేపుతాయి. మామిడిపండు లేపుతుందని మాత్రం అనుకోకండి. అందరికీ అన్నీ పనిచేయవు. పొక్కు వచ్చిన ప్రతిసారీ ఫోన్ క్యాలెండర్‌లో తేదీ, దాని ముందు రెండు మూడు రోజులు ఏం జరిగిందో ఒక ముక్క రాసుకోండి. అవతలివాళ్ళు గుర్తుచేస్తే ఇంకా మంచిది, మనకు కనిపించనివి వాళ్ళకు కనిపిస్తాయి. నాలుగైదు సార్లు రాస్తే దారి తెలుస్తుంది.

ఎండే కారణమైతే, ఏప్రిల్, మే నెలల్లో ఎస్‌పిఎఫ్ 30 ఉన్న లిప్ బామ్ రాసుకుని బయటికి వెళ్ళండి. రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి. బైకు మీద వెళ్ళేవాళ్ళు హెల్మెట్ అద్దం దించుకోవడం మరవొద్దు. మొహానికి లేజర్, పీల్ లాంటివి చేయించుకునే ముందు డెర్మటాలజిస్టుకు ఈ సంగతి చెబితే ముందు జాగ్రత్తగా మాత్ర ఇస్తారు. పెళ్ళి, తిరుమల నడక, దూరప్రయాణం లాంటివి ఉన్నప్పుడు మందు చేతిసంచీలో పెట్టుకోండి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు పరుగెత్తాలి

రెండు వారాలైనా మానకపోతే, పుండు చుట్టూ వాచి చీము పడితే, ప్రతి నెలా వస్తుంటే చర్మ డాక్టరును కలవండి. కీమోథెరపీలో ఉన్నవాళ్ళు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్ళు, హెచ్‌ఐవి ఉన్నవాళ్ళు మొదటి రోజే వెళ్ళాలి. వాళ్ళకు చిన్న పొక్కు పెద్ద పుండు అవుతుంది.

జ్వరంతో పాటు తీవ్రమైన తలనొప్పి, మాట తడబడటం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, ఫిట్స్ ఉంటే నేరుగా ఎమర్జెన్సీకి. మెదడుకు పాకడం చాలా అరుదు, కానీ అప్పుడు గంటలు లెక్క.

కన్ను ఎర్రబడి, నొప్పి, నీళ్ళు, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసక, వీటిలో ఏది ఉన్నా అదే రోజు కంటి డాక్టరును చూడండి. పెదవి మీద పొక్కు వచ్చిందని కూడా చెప్పండి. ఇంట్లో మిగిలిన స్టెరాయిడ్ కంటి చుక్కలు వేసుకోకండి. హెర్పిస్ ఉన్న కంటిలో అవి నల్లగుడ్డు మీది పారదర్శక పొరను పాడుచేసి చూపే పోగొట్టవచ్చు.